కూత ఎక్కణ్ణుంచి వస్తోంది?

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో విద్యార్థులూ పెద్దలూ కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. వెనక కిటికీల దగ్గర కూర్చున్న పిల్లలకి వినబడుతోందా? వినబడితే చెయ్యి ఎత్తండి. సరే. బాబూ, ఆ ఎడమ పక్క బాక్సు కొంచెం గోడవైపు తిప్పు. అది నా మైకు మొహంలోకే చూస్తోంది, కాసేపట్లో కూత పెడుతుంది. ఆఁ, చాలు.

ఇది మా నాన్న దగ్గర నేర్చుకున్నానండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్న మైకుసెట్టు నడిపేవారు. రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయరు, ముందు రికార్డు ప్లేయరు, తర్వాత క్యాసెట్ డెక్కు. పెళ్ళికీ, శ్రీరామనవమికీ, ఎన్నికల ప్రచారానికీ అదే సామాను. ఆయన చదివింది ఐదో తరగతి. నాకు నేర్పిన పాఠం ఒకటే. "కూత వచ్చిందని కంగారుపడి బటన్లు తిప్పెయ్యకు. ముందు ఎక్కణ్ణుంచి వస్తోందో విను. తర్వాత చెయ్యి పెట్టు." నేను పాతికేళ్ళకు పైగా కంప్యూటర్లు బాగుచేస్తూ, పాటలు రికార్డు చేస్తూ బతుకుతున్నాను. ఈ రోజు చెప్పబోయేవన్నీ ఆ మాట పట్టుకుని తిరిగినప్పుడు నాకు ఎదురైన సంగతులే.

2005 ప్రాంతంలో మా ఊళ్ళో నవమి పందిట్లో ప్రవచనం. చెబుతున్న శాస్త్రిగారికి అబ్బాయి కొత్తగా సెల్ ఫోను కొనిచ్చాడు. దాన్ని ఆయన మైకు స్టాండు పక్కనే పీట మీద పెట్టుకున్నారు. కథ మంచి పట్టులో ఉండగా బాక్సుల్లోంచి "డిట్ డిట్ డిట్, డిట్ డిట్ డిట్, డిర్ర్ర్" అని చప్పుడు. నాన్న ఆంప్లిఫయరు దగ్గర్నుంచి లేవకుండా, "శాస్త్రిగారండీ, తమరికి ఫోనొస్తాందండి" అన్నారు. ఆయన వెనక్కి తిరిగి చూసేలోగా ఫోను మోగింది. పందిరంతా గొల్లుమంది. ఆ తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు అలా ముందే చెప్పారు, నాలుగుసార్లూ మోగింది. ఐదో రోజుకి పిల్లలు కథ మానేసి ఆంప్లిఫయరు చుట్టూ చేరారు, తాతకి సోదె వచ్చని.

అసలు సంగతి ఇది. ఫోను మోగే ముందే టవరుతో మాట్లాడుకుంటుంది. 2జీ ఫోను ఒకటే ధారగా మాట్లాడదు. ఒకే తరంగాన్ని ఎనిమిది ఫోన్లు వంతులేసుకుని వాడుకుంటాయి కాబట్టి, తన వంతు వచ్చినప్పుడల్లా ఒక చిటికె వేసినట్టు పంపుతుంది. సెకనుకి సుమారు 217 చిటికెలు. పక్కనున్న మైకు వైరు ఏరియల్ లాగా వాటిని అందుకుంటే, ఆంప్లిఫయరు వాటిని పెంచి బాక్సులోకి తోస్తుంది. మన చెవికి అది సెకనుకి 217 సార్లు కదిలే స్వరం. మా ఊళ్ళో పద్యనాటకాలకి వాయించే హార్మోనిస్టు ఒకాయన ఉండేవారు. ఆ డిర్ర్ర్ విని, "ఆరు శ్రుతికి పిసరు తక్కువగా ఉందిరా" అన్నారు. తర్వాత లెక్క చూశాను. హార్మోనియం మీద ఆరో తెల్లమెట్టు, అంటే ఆరు శ్రుతి, సెకనుకి 220 సార్లు కదులుతుంది. ఆయన చెవికి ఎంత దణ్ణం పెట్టినా చాలదు. ఈ హార్మోనిస్టుగారిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

ఇప్పటి 4జీ ఫోన్ల పద్ధతి వేరు, ఆ చప్పుడు దాదాపు వినబడదు. వెనకున్న పిల్లలు బహుశా ఎప్పుడూ విని ఉండరు. మీ నాన్నగారిని అడగండి, నోటితో చేసి చూపిస్తారు.

కంప్యూటరు ముట్టుకోక ముందే శబ్దం నాకు చాలా వింతలు చూపించింది. చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు పడవ కోసం కూర్చుంటే, అవతలి ఒడ్డున నరసాపురం వైపు పెళ్ళిలో సన్నాయి పక్కింట్లో వాయిస్తున్నట్టు వినబడేది. పగలు అదే రేవులో కూర్చుంటే ఏమీ వినబడదు. రాత్రి నిశ్శబ్దం వల్ల అని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. అది సగమే నిజం. పగలు నేల దగ్గర గాలి వేడిగా ఉండి శబ్దం పైకి వంగిపోతుంది. రాత్రి నీటి మీద గాలి చల్లబడి, దానిపైన వెచ్చటి గాలి పరుచుకుంటుంది. అప్పుడు శబ్దం కిందికి వంగి నీటి మీదుగా జారుకుంటూ మన ఒడ్డుకి వస్తుంది. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో హారన్లు దూర దూరంగా కట్టినప్పుడు ఇంకో వింత. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు నడుస్తుంది. ఆ దూరంలో ఉన్న హారన్ లోంచి వచ్చే మాట ఒక సెకను ఆలస్యం. మధ్యలో నిలబడితే తప్పిపోయిన పిల్లాడి పేరు రెండుసార్లు పిలిచినట్టు ఉంటుంది.

ఇక కంప్యూటర్ల దగ్గరికి వస్తాను.

2001 వేసవి. అమలాపురంలో నా మిత్రుడికి డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బళ్ళకి ప్రశ్నపత్రాలు చేసేవాడు. పక్కనే కొబ్బరి పీచు ఆడే షెడ్డు. ఓ మధ్యాహ్నం కబురు పెట్టాడు. "ఒరేయ్, కంప్యూటరు దానంతటదే పియానో వాయిస్తోంది. రా." నేను నవ్వలేదు, ఎందుకంటే గొంతులో నిజంగా వణుకు ఉంది. వెళ్ళేసరికి షాపులో నలుగురు నిలబడి ఉన్నారు. శుభలేఖ అచ్చుకి ఇచ్చిన పెళ్ళికూతురు తండ్రి కూడా ఉన్నాడు. తెర మీద ఆయన కూతురి పేరు, కాబోయే అల్లుడి పేరు. పక్కనున్న పెట్టెలోంచి సన్నగా, దోమ పాడినట్టు ఒక ట్యూను. రివర్స్ చేసే కార్లలో వినబడుతుంది చూడండి, అదే. స్పీకర్ల వైరు పీకేసి ఉంది, అయినా పాడుతోంది. "ఇది శుభమా అశుభమా చెప్పండి బాబూ, కార్డులు వేరే చోట వేయించుకుంటాను" అంటున్నాడాయన.

అంతకు ముందే ఒక మెకానిక్కు వచ్చి వైరస్ అని చెప్పి, హార్డ్ డిస్కు మొత్తం చెరిపి మళ్ళీ అంతా ఎక్కించి వెళ్ళాడు. రెండు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ పాట.

నేను నాన్న మాట తలుచుకుని కుర్చీ వేసుకుని విన్నాను. ఉదయం పాడదు. మధ్యాహ్నం రెండు దాటాక పాడుతుంది. షాపు తలుపులు తీసి టేబుల్ ఫ్యాను దాని మీదకి పెడితే ఆపుతుంది. అంటే దానికి ఎండదెబ్బ తగులుతోంది! పెట్టె విప్పాను. ప్రాసెసరు మీద ఒక చిన్న ఫ్యాను ఉంటుందండి, అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత. దాని రెక్కల చుట్టూ కొబ్బరి పీచు దుమ్ము పిచ్చుకగూడులా పేరుకుంది. ఫ్యాను తిరగడమే లేదు. బ్రష్షుతో దుమ్ము దులిపి, తొంభై రూపాయలకి కొత్త ఫ్యాను తెచ్చి బిగించాను. పాట పోయింది.

కానీ పాట ఎందుకు? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్ళ సహాయ పత్రాల్లో ఒకటి దొరికింది. మీ కంప్యూటరు ఉన్నట్టుండి 'ఫ్యూర్ ఎలీజ్' గానీ ఇంకో పిల్లల పాట గానీ వాయిస్తే భయపడకండి, ఫ్యాను పాడైందనో, కరెంటు వోల్టేజీ గాడి తప్పిందనో మదర్‌బోర్డులోని ప్రోగ్రాము చెబుతోందని దాని సారాంశం. ఎవరో ఇంజనీరు, ఉత్త బీప్ బదులు ఒక ట్యూను పెడితే మనిషి తల తిప్పి చూస్తాడని అనుకున్నాడన్నమాట. జర్మన్ సంగీతకర్త బీథోవెన్ ఆ ఫ్యూర్ ఎలీజ్ ముక్కని 1810లో రాశాడు, ఆయన పోయిన నలభై ఏళ్ళకి, 1867లో అది అచ్చయింది. అది అమలాపురంలో కొబ్బరి పీచు అడ్డుపడిందని చెప్పడానికి వచ్చింది. ఆ పెళ్ళికార్డులు అక్కడే వేశారండి. నన్నూ పెళ్ళికి పిలిచారు.

ఇంకోటి, గుడి సంగతి. మా పక్క ఊళ్ళో రామాలయంలో పన్నెండు రోజుల రామాయణ ప్రవచనం పెన్ డ్రైవులో తెచ్చి, రోజుకి ఒక భాగం చొప్పున సాయంత్రం వేస్తున్నారు. మొదటి రోజు నారదుడు వాల్మీకికి కథంతా క్లుప్తంగా చెప్పే ఘట్టం. బాగా జరిగింది. రెండో రోజు పెట్టేసరికి లంకలో యుద్ధం! ముసలమ్మలు ఏమీ అనుకోలేదు. నిన్న కథంతా టూకీగా చెప్పారు కదా, ఇవాళ యుద్ధం ముందు చెబుతున్నారేమో అని సర్దుకున్నారు. మూడో రోజు రావణ సంహారం. నాలుగో రోజు పట్టాభిషేకం, పానకం పంచి మంగళహారతి కూడా ఇచ్చేశారు. ఐదో రోజు దశరథుడికి పిల్లలు లేరని పుత్రకామేష్టి మొదలైంది. అప్పుడు ఒక పెద్దావిడ లేచి, "పట్టాభిషేకం అయినవాడు మళ్ళీ ఎలా పుడతాడు నాయనా?" అని అడిగింది. అర్చకుడు నాకు ఫోను చేశారు.

ఫైళ్ళ పేర్లు భాగం 1, భాగం 2, అలా భాగం 12 దాకా ఉన్నాయి. మనకి రెండు తర్వాత మూడు, తొమ్మిది తర్వాత పది. ఆ ప్లేయరుకి పది అంటే అంకె కాదు, ఒకటి పక్కన సున్నా అనే రెండు అక్షరాలు. నిఘంటువులో చూడండి, 'కల' తర్వాత 'కలప', 'కలశం' వచ్చి, ఆ తర్వాతే 'కాకి' వస్తుంది. అలాగే దానికి 1 తర్వాత 10, 11, 12 వచ్చి, ఆ తర్వాతే 2. మందు చాలా చిన్నది. 01, 02 అని పేర్లు మార్చాను. ఇంట్లో ఎవరైనా పారాయణం, పాఠాలు పెన్ డ్రైవులో వేసుకుంటుంటే ఈ సున్నా మర్చిపోకండి. కొన్ని కారు స్టీరియోలు పేర్లు కూడా చూడవు, మీరు ఏ వరసలో కాపీ చేశారో ఆ వరసలోనే పాడతాయి. వాటికి ఒక్కొక్కటే వరసగా ఎక్కించడం మేలు.

ఇప్పుడు హార్మోనిస్టుగారు మళ్ళీ వస్తారు.

మా దగ్గర ఒక భజన మండలి వాళ్ళు త్యాగరాజ కీర్తనలు రికార్డు చేయించుకున్నారు. పాడినావిడది ఐదు శ్రుతి, చక్కటి గొంతు. వారం తర్వాత సీడీలు ఇస్తే ఆవిడ విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇది నా గొంతు కాదండి. మా పెద్దత్తగారి గొంతులా ఉంది." మేమందరం విన్నాం. పాట బాగానే ఉంది, స్వరం ఎక్కడా తప్పలేదు, తాళం తప్పలేదు. ఏదో బరువు. ఏమిటో చెప్పలేకపోయాం. హార్మోనిస్టుగారిని పిలిపించాను. ఆయన పెట్టె తెరిచి శ్రుతి కలపబోయారు. నాలుగు నొక్కారు, కలవలేదు. నాలుగున్నర, అంటే దాని పక్క నల్లమెట్టు నొక్కారు, కలవలేదు. వేలు తీసేసి, "ఇది ఈ రెండింటి సందులో ఉంది. ఈ సందులో ఏ మనిషీ శ్రుతి పెట్టుకోడు. మీ మిషను కిందికి లాగేసింది" అన్నారు.

అది విన్నాక నాకు దారి దొరికింది. డిజిటల్ అంటే పాటని సెకనుకి కొన్ని వేల సార్లు కొలిచి ఆ అంకెలు రాసుకోవడమే కదా. సీడీకి సెకనుకి 44,100 కొలతలు. వీడియో పద్ధతిలో 48,000. మా రికార్డరు 48,000 చొప్పున కొలిచింది. ఆ అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మా షాపు కుర్రాడు 44,100 అని చెప్పాడు. అంకెలన్నీ అవే, ఒక్కటి పోలేదు. చదివే వేగం తగ్గింది, అంతే. గంట కార్యక్రమం 65 నిమిషాల 18 సెకన్లయింది. శ్రుతి ఒక మెట్టున్నర దిగింది. ఐదు నుంచి ఒక మెట్టు దిగితే నాలుగున్నర, రెండు మెట్లు దిగితే నాలుగు. సరిగ్గా ఆయన చెప్పిన సందు! కుర్రాణ్ణి నేనేమీ అనలేదు. ఆ రోజు అతను నేర్చుకున్నది ఏ కోర్సులోనూ దొరకదు.

ఈ 44,100 అనే వింత అంకె ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. మనిషి చెవి మహా అయితే సెకనుకి 20,000 సార్లు కదిలే స్వరం దాకా వింటుంది, దాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ సార్లు కొలవాలి. సీడీ వచ్చేనాటికి అన్ని అంకెల్ని దాచే చోటు వీడియో టేపు ఒక్కటే. ఆ వీడియో బొమ్మలో గీతకి మూడు కొలతల చొప్పున సర్దితే 44,100 వచ్చింది. టీవీ బొమ్మ లెక్క పాటకి అంటుకుని ఇప్పటికీ వదల్లేదు.

మాకు జరిగినదే చరిత్రలోనూ ఒకసారి జరిగిందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. 1951లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఒక గది నిండా ఉండే కంప్యూటరు ఉండేది. దానికి ఒక చిన్న స్పీకరు. పని అయిందనో ఆగిందనో చెప్పడానికి బూర ఊదినట్టు కూసేది. కంప్యూటర్లకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన అలన్ ట్యూరింగ్ ఆ యంత్రానికి రాసిన పుస్తకంలో ఆ కూత వివరం ఉంది. క్రిస్టఫర్ స్ట్రేచీ అనే బడిపంతులు ఒక రాత్రంతా దాని దగ్గర కూర్చుని, తెల్లారేసరికి ఆ కూతతోనే వాళ్ళ జాతీయగీతం పాడించాడు. బీబీసీ వాళ్ళు వచ్చి మూడు పాటలు డిస్కు మీద రికార్డు చేసుకున్నారు. మూడో పాట మధ్యలో కంప్యూటరు ఆగిపోతే చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు, ఆ నవ్వులు కూడా డిస్కులో ఉన్నాయి.

2016లో న్యూజీలాండులో జాక్ కోప్‌లాండ్, జేసన్ లాంగ్ అనే ఇద్దరు ఆ డిస్కుని విన్నారు. వింటే శ్రుతి తేడా. ఆ కంప్యూటరు కొన్ని నిర్దిష్టమైన స్వరాలే పలకగలదు, అవేమిటో లెక్కకట్టి చెప్పొచ్చు. డిస్కులో వినబడేవి అవి కావు. అంటే రికార్డు చేసిన రోజున డిస్కు తిరిగిన వేగమే తేడా అన్నమాట. యంత్రం పలకగలిగిన స్వరాల్నే కొలబద్దగా పెట్టుకుని వేగం సరిచేశారు. మా హార్మోనిస్టుగారు పెట్టె మీద రెండు మెట్లు నొక్కి చూసి చేసిన పనే అది. అరవై అయిదేళ్ళ తర్వాత ఆ కంప్యూటరు అసలు గొంతు మళ్ళీ వినబడింది. ఇంటర్నెట్లో ఉంది, వినండి.

పెళ్ళిళ్ళలో డీజే బాక్సుల గురించి ఒక్క మాట. పాలకొల్లులో ఒక పెళ్ళికి వెళ్తే, దుమ్ములేపే దరువు వచ్చినప్పుడల్లా పాటలు వేసే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది. ల్యాప్‌టాప్ పెద్ద బాక్సు నెత్తినే పెట్టారు. కింద తువ్వాలు నాలుగు మడతలేసి పెట్టి బల్ల మీదకి మార్చాం, తగ్గింది. పాత హార్డ్ డిస్కులో పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటుంది. చదివే ముక్కు దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో తేలుతుంది. అది వణికితే చదవలేదు. 2008లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచి, అరిచినప్పుడల్లా అవి ఎలా నెమ్మదిస్తున్నాయో తెర మీద గీతతో చూపించాడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే రేమండ్ చెన్ 2022లో ఇంకా విచిత్రమైన సంగతి రాశాడు. జానెట్ జాక్సన్ పాట ఒకటి వేస్తే కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు పడిపోయేవట. పాడే ల్యాప్‌టాపే కాదు, పక్క బల్ల మీద ఊరికే ఉన్నది కూడా! ఆ పాటలో ఉన్న ఒక స్వరం డిస్కు సహజంగా ఊగే స్వరంతో కలిసిపోయింది. ఉయ్యాల ఊపే సమయానికే మళ్ళీ తోసినట్టు. చివరికి ఆ స్వరాన్ని జల్లెడ పట్టి తీసేసే ఏర్పాటు చేశారట.

కోనసీమ వాళ్ళం కాబట్టి మనకి దగ్గరైన సంగతి ఒకటి చెప్పాలి. చమురు, గ్యాసు వెతికేవాళ్ళు మన చేలల్లోకి వచ్చిన రోజులు పెద్దవాళ్ళకి గుర్తుంటాయి. గట్ల వెంట కిలోమీటర్ల పొడవున వైర్లు పరిచి, మధ్యమధ్య చిన్న చిన్న డబ్బాలు నేలకి గుచ్చేవాళ్ళు. గొయ్యి తీసి చిన్న పేలుడు పేల్చేవాళ్ళు. భూమి లోపలి పొరలకి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని ఆ డబ్బాలు వినేవి. మేము పిల్లలం గట్టు మీద కూర్చుని పేలుడు కోసం చెవులు మూసుకునేవాళ్ళం. నాన్న మాత్రం ఆ డబ్బాల్నే చూసేవారు. "ఇవి భూమికి పెట్టిన మైకులురా" అన్నారు. తర్వాత చదివితే ఆ మాట అక్షరాలా నిజమని తెలిసింది.

ఇలాంటి భూమి ప్రతిధ్వనుల లెక్కలు చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే అమెరికన్ ఇంజనీరు, అదే రకం లెక్కల్ని మనిషి గొంతుకి పెట్టి 1997లో ఆటోట్యూన్ తెచ్చాడు. పాడేవాళ్ళ శ్రుతిని సరిదిద్దే ప్రోగ్రాము అది. లెక్క ఎలా పనిచేస్తుందో చెప్తాను. ఉప్పాడ చీర అంచు తీసుకోండి. అదే అంచు ఇంకోటి దాని మీద పరిచి మెల్లగా జరపండి. హంస మీద హంస మళ్ళీ సరిగ్గా కూర్చున్న చోట ఆపి, ఎంత జరిపారో కొలవండి. అంతేసి దూరానికి ఒకసారి బొమ్మ మళ్ళీ వస్తోందన్నమాట. గొంతులో అల కూడా అలాగే మళ్ళీ మళ్ళీ వస్తుంది. దాన్ని దాని మీదే జరిపి చూస్తే శ్రుతి తెలుస్తుంది. తెలిశాక పక్కనున్న మెట్టు మీదకి లాగడమే.

లాగడం దగ్గరే మనకి పేచీ. ఒక స్టూడియోలో పెద్దాయన తోడి రాగంలో పాడిన కీర్తనకి కుర్రాళ్ళు ఆటోట్యూన్ వేసి, లాగే వేగం పూర్తిగా పెంచేశారు. తోడిలో గాంధారం అనే స్వరం ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపే తోడి. ప్రోగ్రాము ఆ ఊపుని తప్పు అనుకుని, మెట్టుకి మెట్టుకి మేకు కొట్టి బిగించింది. ఆ పెద్దాయన విని, "రాగం ఏదిరా ఇందులో?" అన్నారు. నేను సెట్టింగు తీసేయించాను. ఇది కొత్త గొడవ కాదండి. హార్మోనియం గమకం, అంటే స్వరంలోని ఆ ఊపు, పలకదు అన్న కారణంతోనే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. మా హార్మోనిస్టుగారు ఆ మాట చెప్పి, "నా పెట్టెకి మెట్లున్నాయి, ఒప్పుకుంటా. కానీ పాడేవాడి గొంతుని నేను నా మెట్ల మీదకి ఎప్పుడూ లాగలేదు" అన్నారు. ఆటోట్యూన్ మంచి పనిముట్టే. సినిమా పాటకి, కోరస్‌కి నేనూ వాడతాను. గమకం ఉన్న చోట మాత్రం ఎవరు డబ్బిచ్చినా వాడను.

ఇక చివరిది. ఇది ఇప్పటికీ నడుస్తున్న కథ.

మా ఊళ్ళో సంగీతం టీచరుగారు ఒకరున్నారు. డెబ్భై దాటారు. టెక్సాస్‌లో ఉన్న ఒక పాపకి ప్రతి ఆదివారం పొద్దున్న ఆరున్నరకి వీడియో కాల్లో పాఠం. అక్కడ శనివారం రాత్రి ఎనిమిది, చలికాలంలో ఏడు. మొదటి రోజు టీచరుగారు కరెంటు తంబురా పెట్టె ఆన్ చేశారు. పాప, "టీచర్ గారూ, శ్రుతి వచ్చి ఆగిపోయిందండి" అంది. ఇక్కడ మోగుతూనే ఉంది. సౌండు పెంచారు, లాభం లేదు. కొత్త పెట్టె కొన్నారు, అదీ అంతే. నన్ను పిలిచారు. నేను ఇంకో గదిలోంచి నా ఫోనుతో ఆ కాల్లో చేరి, పాపకి ఎలా వినబడుతుందో విన్నాను. తంబురా ఒక క్షణం వినబడి, ఎవరో నోరు మూసినట్టు మాయమవుతోంది. టీచరుగారి మాట మాత్రం స్పష్టంగా ఉంది. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది, దాని చప్పుడు కూడా లేదు.

అక్కడ అర్థమైంది. ఈ కాల్ ప్రోగ్రాములు మాట స్పష్టంగా ఉండాలని గోలని తీసేస్తాయి. గోల అంటే ఏమిటో దానికి ఎలా తెలుస్తుంది? మారకుండా, ఆగకుండా, ఒకే తీరున వచ్చేదాన్ని గోల అనుకుంటుంది. ఫ్యాను అలాంటిదే. ఏసీ అలాంటిదే. మారకుండా ఆగకుండా ఉండడమే తంబురా పని! ఆధార శ్రుతిని అది ఫ్యాను చప్పుడు కింద జమ కట్టి ఊడ్చేస్తోంది.

ఆ శుభ్రం చేసే ఏర్పాటుని ఆపేసే వీలు ఉంది. ఆపాను. తంబురా వచ్చింది. దానితోపాటు ఫ్యాను, కాకులు, పక్కింటి మిక్సీ, పాప వైపు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, అన్నీ వచ్చాయి. టీచరుగారు కాసేపు విని, "వద్దు నాయనా. మునుపటిలాగే ఉంచు. పాపని కూడా ఒక తంబురా పెట్టుకోమను, నాదే శ్రుతి, ఐదున్నర" అన్నారు. ఇప్పుడు ఆవిడ తంబురా పాపకి వినబడదు, పాప తంబురా ఆవిడకి వినబడదు. ఎవరి గదిలో వాళ్ళది మోగుతుంది. కాల్లో ఆలస్యం ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడడం కుదరదు. టీచరుగారు ఒక ముక్క పాడతారు, పాప విని తిరిగి పాడుతుంది. ఆవిడ వాళ్ళ గురువుగారి ఇంటి అరుగు మీద నేర్చుకున్నదీ అలాగేనట. సరళీ స్వరాలు, జంటలు, గీతాలు అయి, ఇప్పుడు వర్ణంలో ఉన్నారు.

పోయిన నెల ఒక ఆదివారం పాఠం మధ్యలో మా ఊళ్ళో కరెంటు పోయింది. తంబురా పెట్టె ఆగిపోయింది. ఫోను దాని బ్యాటరీ మీద నడుస్తోంది. టీచరుగారు ఆగలేదు, ఇరవై నిమిషాలు శ్రుతి లేకుండానే చెప్పుకుంటూ పోయారు. పాఠాలన్నీ రికార్డు చేసిపెట్టడం నా పని కాబట్టి ఆ సాయంత్రం ఆ ఇరవై నిమిషాలూ కంప్యూటర్లో పెట్టి శ్రుతి కొలిచాను. హార్మోనిస్టుగారు కూడా పక్కన పెట్టె తెరిచి కూర్చున్నారు. మొదటి ముక్క ఐదున్నర. చివరి ముక్కా ఐదున్నరే. పాపకి ఇక్కడ కరెంటు పోయినట్టే తెలీదు. రికార్డింగు చివర్లో దాని గొంతు వినబడుతోంది, "టీచర్ గారూ, చిట్టస్వరం ఇంకొక్కసారి పాడరా" అని.